కనబడని గాయము, కాలిన కాగితము

సమరమున చేయి కోల్పోయిన సైనికుడు తన గాయమును వేరుగ నిరూపింప నక్కరలేదు. వ్రేలాడు చొక్కాచేయియే సాక్ష్యము చెప్పును. నడుము దెబ్బతిన్నవాని సంగతి అట్లుగాదు. బరువులు మోసియో, పారాషూటుతో దిగుచు తూలిపడియో వెన్నెముకకు హాని తెచ్చుకొన్నవాడు మన కన్నులకు నిక్షేపముగనే కనబడును. అట్టివాని మాటను ప్రభుత్వము ఎట్లు నమ్మవలెను? అమెరికా చరిత్రలో ఈ ప్రశ్న నడచిన త్రోవను కొంత పరికింతము.

1776 ఆగస్టు 26న కాంటినెంటల్ కాంగ్రెసు, పోరులో అవయవము కోల్పోయినవారికిని, కొలువులో వికలులై బ్రతుకుతెరువు సంపాదించుకొనలేనివారికిని సగము జీతము భరణముగ నిచ్చుటకు తీర్మానించెను. నేడచ్చటి మాజీ సైనికుల శాఖవారి కొలత మరింత సూక్ష్మము. నడుము ముందునకు 90 డిగ్రీలు వంగవలెను. 30 డిగ్రీలకు మించి వంగలేనివానికి సాధారణముగ 40 శాతము వైకల్యము లెక్కింతురు. వంపును కొలుచుటకు కోణమాని కలదు. నొప్పిని కొలుచు కోణమాని మాత్రము ఇంకను పుట్టలేదు! 2018లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము, ఒక మోకాలినొప్పి వ్యాజ్యములో, రోగమునకు పేరు దొరకకున్నను పనికి అడ్డుతగులు నొప్పియే వైకల్యము కావచ్చునని తీర్పు చెప్పెను.

అంతకన్న కఠినమైనది లంకె. ఇప్పటి నొప్పికిని నాటి కొలువునకును సంబంధము చూపవలెను. ఇరువదవ యేట తగిలిన దెబ్బ ఏబదవ యేట ముదురును. ఈలోపల ఆ మనిషి మిల్లులో మూటలెత్తి యుండవచ్చును గదా యని పరిశీలకుడు అడుగును. అడుగుట తప్పని మేమనము. కాని దానికి సమాధానము ఏనాటిదో సైనిక వైద్యుని చీటీలో నుండును.

ఆ చీటీలే కాలిపోయినవి. 1973 జూలై 12న, అర్ధరాత్రి దాటిన కొలదిసేపటికి, సెయింట్ లూయిస్ చెంతనున్న సైనిక దస్త్రముల భవనమున ఆరవ అంతస్తు అంటుకొనెను. 1 కోటి 60 లక్షలు మొదలు 1 కోటి 80 లక్షల వరకు దస్త్రములు నశించెను. 1912 నవంబరు మొదలు 1960 ఆరంభము వరకు పదాతి మొదలగు భూసేనను విడిచినవారి దస్త్రములలో 80 శాతము పోయినవి. నకళ్లు లేవు, ఏవేవి పోయినవో చెప్పు పట్టికయు లేదు.

సాక్ష్యము ఇరువైపుల సమముగ తూగినచో సైనికుని పక్షముననే తేల్చవలెనను నియమము అచ్చట కలదు. దస్త్రము ప్రభుత్వము చేతిలో నుండగనే పోయినప్పుడు ఆ నియమమును మరింత శ్రద్ధతో పాటింపవలెననియు, కాదన్నచో కారణములు విపులముగ వ్రాయవలెననియు 1991లో వెటరన్ల అప్పీళ్ల న్యాయస్థానము చెప్పెను. తోటివారి వాఙ్మూలములు, ఆసుపత్రి జాబితాలు వెదకుకొను శ్రమ మాత్రము నడుము నొచ్చినవానికి తప్పలేదు.

తడిసియు, అంచులు మాడియు మిగిలినవి సుమారు 65 లక్షలు. ఎవరైన అడిగినప్పుడు పరిరక్షకులు వానిని బయటకు తీసి, బూజు తుడిచి, ఒక్కొక్క పుటయే విప్పుచున్నారు.