రంగూన్ రేవులో మనోళ్లు

కోరంగి అంటే కాకినాడ పక్కనున్న పాత రేవు. కానీ బర్మాలో తెలుగు కూలీ ఏ జిల్లావాడైనా సరే, అందరూ వాణ్ణి 'కోరంగీ' అనే పిలిచేవారు.

1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్‌లో గిరాకీ బాగా పెరిగింది. 1877లో ఇంగ్లీషోళ్లు రంగూన్ నుంచి ప్రోమ్ దాకా రైలు వేశారు. పడవలూ రైళ్లూ ధాన్యాన్ని రంగూన్ మిల్లులదాకా తెచ్చేవి. అక్కణ్ణుంచి ఓడలోకి బస్తాలు మోసింది మాత్రం ఎక్కువగా మనోళ్లే. మేస్త్రీ ఊళ్లోనే అడ్వాన్సు ఇచ్చి, కాకినాడలోనో విశాఖలోనో స్టీమరెక్కించేవాడు. అక్కడ కూలి డబ్బులు కూడా ఆయన చేతిమీదుగానే రావాలి, ఆయన వాటా పోయాకే. వీసా అప్పు తీర్చడానికే ఏడాది కష్టపడే మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

1930 మే నెలలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ల బదులు బర్మావాళ్లను పెట్టుకున్నాయి. సమ్మె తేలగానే ఆ బర్మావాళ్లను పొమ్మన్నాయి. ఇక కొట్లాట మొదలైంది. వందమందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది మన కూలీలే. దీన్ని జాతుల గొడవ అని రాస్తుంటారు. నాకైతే కూలి గొడవలాగే కనిపిస్తుంది.

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, వేలమంది ఆ ప్రోమ్ వైపే బయల్దేరి, అరకాన్ కొండలు నడిచి దాటారు. ఆ నడక సంగతి వచ్చే ఎపిసోడ్‌లో.