చూసిందెవరు?

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తగారికి ఏదో ఒకటి చదివి వినిపించడం ఆరేళ్ళుగా అలవాటైపోయింది. ఆవిడకి చూపు పూర్తిగా పోయింది. పురాణాలన్నీ రెండేసిసార్లు అయిపోయాయి. నా నవలలు ఆవిడకి నచ్చవు. (పైకి అనరు లెండి, నిద్రపోతారు.) మొన్న తేనెటీగల పుస్తకమొకటి చేతికి దొరికింది. బి.ఏ. చరిత్ర చదివినదాన్ని, జంతుశాస్త్రం నాకెక్కడ వస్తుంది! తీరా చూస్తే అందులో ఉన్నదీ చరిత్రే.

పట్టులో మిగతావాటికన్నా పెద్ద ఈగ ఒకటుంటుందని మనుషులకి ఏనాడో తెలుసు. అది ఏలిక అన్నారు. ఏలిక అన్నాక మగవాడు కాక ఇంకేమవుతాడు? అరిస్టాటిల్ కాలం నుంచి దాదాపు రెండువేల ఏళ్ళు చాలామందికి అది రాజుగారే. 1609లో ఇంగ్లండులో చార్లెస్ బట్లర్ అనే మతగురువు అది రాణి అని, పట్టుది స్త్రీరాజ్యమని ఏకంగా పుస్తకానికి పేరే పెట్టాడు. తరవాత హాలండులో స్వామర్‌డామ్ సూక్ష్మదర్శిని కింద రాజుగారి పొట్ట కోసి చూస్తే, లోపల అండాశయాలు!

సరే, మరి రాణిగారికి మొగుడెవరు? పట్టులో వందలకొద్దీ మగ ఈగలు తిని కూర్చుంటాయి. ఒక్కటీ ఆవిడ దగ్గరకి వెళ్ళిన పాపాన పోలేదు. వాటి వాసన తగిలితే చాలునన్నాడు స్వామర్‌డామ్. ఫ్రాన్సులో రేమ్యూర్ రాణినీ మగ ఈగల్నీ గాజుపాత్రలో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. అంత పెద్దమనిషి కళ్ళప్పగించి చూస్తుంటే ఏ కాపురం సాగుతుంది? వియన్నాలో తేనెటీగల పెంపకం నేర్పిన ఆంటన్ యాన్షా 1771లో, రాణి బయట ఆకాశంలో కలుస్తుందని వ్రాశాడు గాని ఆ మాట అందరికీ చేరలేదు.

దాన్ని పరీక్షలు పెట్టి నిలబెట్టినవాడు జెనీవాలో పుట్టిన ఫ్రాంస్వా హ్యూబర్ (1750-1831). పదిహేనో ఏటి నుంచే చూపు తగ్గుతూ వచ్చి, గుడ్డివాడయ్యాడు.

ఇక్కడ మా అత్తగారు లేచి కూర్చున్నారు. "గుడ్డివాడు ఎలా చూశాడే?"

ఆ ఇంట్లో నౌకరు పేరు బర్నెన్స్. అయ్యగారికి పుస్తకాలు చదివి వినిపిస్తూ తనే ఈగల పిచ్చిలో పడ్డాడు. హ్యూబర్ ప్రశ్న వేస్తాడు, ఇతను చూసి చెబుతాడు. పుస్తకంలో పేజీల్లా తెరుచుకునే పెట్టె కూడా చేయించారు. మగ ఈగల్ని చిల్లుల రేకుపెట్టెలో బంధించి పట్టులో ఉంచారు. వాసనకేం కొదవలేదు, రాణి మాత్రం గొడ్డుగానే ఉండిపోయింది. మగ ఈగలున్న పట్టులోనే రాణిని బయటికి పోనివ్వకుండా ఆపారు. అప్పుడూ అంతే. 1788లో గుమ్మం దగ్గర కాపు కాశారు. రాణి ఎగిరింది, కనుమరుగైంది. అరగంటకి తిరిగొచ్చినప్పుడు పొట్ట చివర తెల్లటి పదార్థం అంటుకుని ఉంది. రెండు రోజుల్లో గుడ్లు పెట్టింది.

ఆకాశంలో కలిసిన మగ ఈగ ఆ క్షణమే ప్రాణం వదులుతుంది. ఒకటి కాదు, సుమారు 10 నుంచి 20 మగ ఈగలతో కలుస్తుందని ఆనక తేలింది. ఆ వీర్యాన్ని పొట్టలోని చిన్న సంచిలో దాచుకుని ఏళ్ళ తరబడి వాడుకుంటుంది రాణి. వీర్యం తగలని గుడ్లు మగ ఈగలవుతాయి. అంటే కొడుకులకి తండ్రి లేడు! ఈ సంగతి 1845లో సైలీషియా ఫాదరీ జియెర్జోన్ చెప్పాడు.

నాకు మాత్రం మనసు బర్నెన్స్ దగ్గరే ఆగిపోయింది. కూలి ఈగల్లో కూడా గుడ్లు పెట్టేవి ఉన్నాయేమోనన్న అనుమానం తీర్చడానికి రెండు పట్టుల్లోని ఈగలన్నిటినీ ఒక్కొక్కటే చేత్తో పట్టి చూశాడట. 11 రోజులు, దాదాపు విశ్రాంతి లేకుండా.

"అట్ట మీద అతని పేరుందా?" అన్నారు అత్తగారు.

"అట్ట మీద లేదు, లోపల ఉందత్తయ్యా. హ్యూబరే చెప్పుకున్నాడు."

"పోన్లే, అదైనా చెప్పాడు."

కొన్నేళ్ళకి బర్నెన్స్ వెళ్ళిపోయాడు. అప్పుడు ఆ కళ్ళ పని భార్య మరీ-ఎమే చేతికి వచ్చింది. కొడుకు పియెర్ సాయంతో రెండో సంపుటం 1814లో వెలువడింది. గుడ్డివాడవుతున్నవాడికి పిల్లనివ్వనని తండ్రి మొండికేస్తే, 25 ఏళ్ళు నిండి తన ఇష్టం తనది అయ్యేదాకా ఆగి పెళ్ళాడింది ఆవిడ. నలభై ఏళ్ళ కాపురం.

"నలభై ఏళ్ళూ చదివి వినిపించిందా?"

"చదివింది, వ్రాసింది, చూసి చెప్పింది."

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఏదో కొత్త నవల వ్రాస్తున్నానన్నావుగా, అది తే" అన్నారు.

మూడో పేజీకల్లా నిద్రపోయారు.