దండము లేని రాజ్యం – న్రి పట్టణ చరిత్ర

రాజ్యమనగానే మనకు చతురంగబలాలు స్ఫురిస్తాయి. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అని మన నీతిశాస్త్రకారులు రాజ్యానికి ఏడంగాలు చెప్పారు. వీటిలో దండాన్ని తీసివేస్తే ఏమి మిగులుతుంది? ఆ ప్రశ్నకు ఆఫ్రికా ఖండంలో ఒక చిన్న పట్టణం కొన్ని శతాబ్దాలపాటు సమాధానమై నిలిచింది. దాని పేరు న్రి. నైజీరియా దేశపు ఆగ్నేయభాగాన, నేటి అనాంబ్రా రాష్ట్రంలో, ఇగ్బో జనుల నడుమ ఉన్నది. మన తరం చదివిన పుస్తకాలలో ఆ ఖండానికి "చీకటి ఖండం" అనే బిరుదు ఉండేది. ఆ చీకటి ఎవరి కన్నులలో ఉన్నదో తెలుసుకోవడానికి న్రి కథ ఒక్కటి చాలు.

ముందుగా వారి స్థలపురాణం. పరమాత్మ అయిన చుక్వు, ఎరి అనే దివ్యపురుషుని ఆకాశం నుండి భూమికి పంపాడట. అప్పుడు భూమి అంతా బురద. ఓకా ఊరి కమ్మరి ఒకడు తిత్తులు ఊది ఆ బురదను ఆరబెట్టాడు. ఎరి జీవించినంత కాలం ఆహారం ఆకాశం నుండే దిగివచ్చేది. అతడు గతించాక అది ఆగిపోయింది. కుమారుడు న్రి మొరపెట్టుకోగా, తన జ్యేష్ఠ పుత్రుని, పుత్రికను బలి ఇచ్చి పాతిపెట్టమని చుక్వు ఆజ్ఞ. కొడుకు సమాధి నుండి పెండలం మొలిచింది, కూతురి సమాధి నుండి చేమ మొలిచింది. పెండలం నేటికీ ఇగ్బోలకు పురుషుని పంట, చేమ స్త్రీల పంట. అన్నం వెనుక ఒక తండ్రి కడుపుకోత ఉన్నదని చెప్పే ఈ కథను కేవలం కట్టుకథగా త్రోసివేయలేము. పంటను అందరికీ పంచినందుకు ప్రతిఫలంగానే ఇతర గ్రామాల పాపాలను కడిగే అధికారం న్రి వారికి దక్కిందని పురాణం చెబుతుంది.

ఆ అధికారమే ఈ రాజ్యానికి పునాది. భూదేవిని ఇగ్బోలు అలా అంటారు, కొన్ని ప్రాంతాలలో అని అంటారు. ఆమెకు అపచారమైన పనులు "న్సో అలా". బంధుహత్య, ఆత్మహత్య, పెండలాల దొంగతనం వంటివి ఆ కోవలోనివి. అటువంటి అపచారం జరిగితే దోషం చేసినవానిది మాత్రమే కాదు, ఊరంతటిది. భూమి మైలపడుతుంది, పంట పండదు. ఆ మైలను తీసే ప్రాయశ్చిత్తం న్రి నుండి వచ్చినవారే చేయాలి. ముఖంపై "ఇచి" అనే గాట్ల ముద్రలు ధరించి, "ఒటోన్సి" అనే శాంతిదండం చేతబట్టి న్రి వారు ఊరూరా తిరిగేవారు. తగవులు తీర్చేవారు, బిరుదులు ప్రసాదించేవారు. ఊళ్ళ మధ్య పోరు సాగుతున్నా, ఆ దండం చేతిలో ఉన్నవానిని ఎవరూ ముట్టుకొనేవారు కాదు.

రాజును "ఎజె న్రి" అంటారు. ఒక రాజు మరణించిన వెంటనే మరొకడు సింహాసనమెక్కడు. కనీసం ఏడేండ్లు గడవాలి, దైవసంకేతాలు కనిపించాలి. ఎన్నికైనవాడు పూర్వీకుల స్థలమైన అగులేరికి యాత్ర చేస్తాడు. అక్కడ ఒకడు అనాంబ్రా నది అడుగుకు మునిగి బంకమన్ను తెస్తాడు. దానితో పూజాపాత్ర తయారవుతుంది. పట్టాభిషేకంలో రాజుకు మృతుని సంస్కారం జరుగుతుంది. మనిషిగా మరణించి, దైవంగా లేవాలన్నమాట. అటుపై అతడు యుద్ధం చేయడు, పన్ను కోసం సైన్యం పంపడు. ఏ ఊరైనా ధిక్కరిస్తే అతని చేతిలోని ఆయుధం ఒక్కటే: ఆ ఊరికి ప్రాయశ్చిత్తం నిరాకరించడం.

కాలగణన కూడా ఈ సంస్కృతిలో భాగమే. ఇగ్బోల వారానికి నాలుగే దినాలు: ఎకె, ఒరియె, అఫో, న్క్వో. అటువంటి ఏడు వారాలు ఒక నెల, పదమూడు నెలలు ఒక సంవత్సరం. ఈ నాలుగు దినాల పేర్లతోనే సంతలు నడుస్తాయి. నేటికీ న్నెవి పట్టణపు పెద్ద సంత పేరు న్క్వో, ఓకా సంత పేరు ఎకె. మన పల్లెలలో మంగళవారం సంత, శనివారం సంత అన్నట్లే.

ఇదంతా నోటిమాటే కదా, ఆధారమేమి అని అడిగేవారికి భూమియే సాక్ష్యం చెప్పింది. న్రికి చేరువలోని ఇగ్బో-ఉక్వు గ్రామంలో 1938లో ఇసాయా అనోజి అనే రైతు వాననీటి కుండీ కోసం తవ్వుతుండగా కంచు వస్తువులు బయటపడ్డాయి. 1959-60లలోను, 1964లోను థర్‌స్టన్ షా అక్కడ శాస్త్రీయంగా త్రవ్వకాలు జరిపాడు. మైనంతో అచ్చుపోసి చేసిన ఆ వస్తువులను చూస్తే విస్మయం కలుగుతుంది. త్రాళ్ళు చుట్టినట్లున్న కుండ, నత్తగుల్లల ఆకారపు పాత్రలు, వాటిపై ఈగలు, మిడతలు సైతం. ఒక గోతిలో కూర్చున్న భంగిమలో పాతిపెట్టిన ఒక ప్రముఖుడు, రాగి కిరీటం, ఏనుగు దంతాలు. మొత్తం మీద దొరికిన పూసలు లక్షా అరవై వేలకు పైబడినవి. షా వీటిని 9వ శతాబ్దం నాటివని నిర్ణయించాడు. తర్వాతి పరిశీలనలలో కొన్ని ఆ కాలాన్ని ఇంకొంత ఇటువైపు జరుపుతున్నాయి. ఆ పూసలలో కొన్ని సుదూర దేశాల నుండి ఎడారి దాటి వచ్చినవి. కెంపురంగు కార్నీలియన్ పూసల మూలాన్ని కొందరు పండితులు మన దేశంలోనే ఊహించారు. ఆ సమాధిలోనివాడు న్రి రాజవంశీయుడో, ఆ సంప్రదాయపు పెద్దయో అయి ఉండవచ్చునని మానవశాస్త్రవేత్త ఒన్వుయెజోగ్వు వంటివారి అభిప్రాయం. న్రి గురించి ఆయన గ్రంథం 1981లో వెలువడింది.

అయితే పొగడ్తలతో సరిపెట్టుకొనడం చరిత్ర కాదు. ఆ సమాధిలోనే ప్రముఖునితోపాటు కనీసం ఐదుగురు సేవకుల అవశేషాలున్నవి. సైన్యం లేని రాజ్యమంటే హింస లేని రాజ్యమని అర్థం కాదు. కవలలు పుడితే అపచారమన్నారు, ఆ శిశువులను అడవిలో వదిలివేశారు. దైవానికి అంకితమైన "ఒసు" అనే వారిని తరతరాలుగా అంటరానివారిగా ఉంచారు. తూర్పు నైజీరియా శాసనసభ 1956లో ఈ ఆచారాన్ని చట్టరీత్యా రద్దు చేసినా, పెండ్లి సంబంధాల వద్ద దాని నీడ పూర్తిగా తొలగలేదు. శుద్ధి అనే భావన ఎక్కడ బలంగా ఉంటుందో, అశుద్ధులనబడేవారు అక్కడే పుడతారు. ఈ సంగతి మనకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

న్రి పతనం కూడా గమనింపదగినది. అట్లాంటిక్ బానిస వ్యాపారం పెరిగిన కొద్దీ అరో వర్తకుల బలం పెరిగి, న్రి ప్రాభవం సన్నగిల్లింది. ఆ తర్వాత బ్రిటిషువారు వచ్చారు. 1911లో ఎజె న్రి ఒబాలికెను ఓకాకు రప్పించి, ఇతర గ్రామాలను న్రికి కట్టివేసిన నిషేధాలన్నిటినీ రద్దు చేస్తున్నట్లు బహిరంగంగా చెప్పించారు. ఫిరంగి పేల్చనక్కరలేకపోయింది. మాటతో నిలిచిన రాజ్యాన్ని మాటతోనే కూల్చారు. విచిత్రమేమంటే సరిగ్గా ఆ రోజులలోనే అదే ప్రభుత్వం నియమించిన నార్త్‌కోట్ థామస్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతంలో తిరిగి వారి ఆచారాలను వ్రాసుకొంటున్నాడు. ఆయన నివేదిక 1913లో అచ్చయింది. ఒక చేయి వ్రాసి దాచింది, మరొక చేయి తుడిచివేసింది.

తరువాత ఏమైంది? పాలకులు తమకు అనుకూలమైనవారిని "వారంట్ ఛీఫ్"లుగా నియమించారు. వీరికి సంప్రదాయం లేదు, ప్రజల గౌరవం లేదు, చేతిలో కాగితం మాత్రం ఉన్నది. 1929లో ఇగ్బో స్త్రీలు, ఇరుగుపొరుగు జాతుల స్త్రీలు వేలాదిగా వారి మీద తిరగబడ్డారు. సైన్యం కాల్పులలో యాభైమందికి పైగా స్త్రీలు మరణించారు. దండము లేని రాజ్యాన్ని అనాగరికమని తుడిచివేసినవారు, దానికి బదులుగా తెచ్చినది ఈ దండాన్నే.

ఒగిది గ్రామంలో పుట్టిన చినువా అచెబె నవల 1958లో వెలువడిన తరువాతనే ఈ జనుల లోపలి జీవితం లోకానికి తెలియవచ్చింది. ఆయన తన సమాజాన్ని స్వర్గంగా చూపలేదు, నరకంగానూ చూపలేదు. ఏ ఊరి చరిత్ర వ్రాయబూనినా అనుసరింపదగిన మార్గమదే. మన ఊళ్ళ స్థలపురాణాలు, సంతలు, కులకట్లు, ప్రాయశ్చిత్తాలు తెలిసిన ముసలివారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మన వద్దకు ఏ థామసూ రాడు. మిత్రులు ఎవరి ఊరి సంగతులు వారు, మంచీ చెడూ రెండూ, వ్రాసి పెట్టవలసిందిగా నా మనవి.