గ్రహశకలములు – రాజ్యముల ఒడంబడికలు

1962 జూలై 9న అమెరికా పసిఫిక్ సముద్రముపై సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఒక హైడ్రోజన్ బాంబును ప్రేల్చినది. అప్పుడు వెలువడిన ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రమున చిక్కుకొని నెలల తరబడి నిలిచి, కొన్ని ఉపగ్రహములను పాడుచేసినవి. మరుసటి సంవత్సరము ఆగస్టు 5న అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ మాస్కోలో ఒక ఒడంబడిక చేసికొన్నవి. వాయుమండలమునను, రోదసిలోను, నీటిలోను అణుబాంబులను ప్రేల్చరాదు. పరీక్షార్థమే కాదు, మరే కారణము చేతనైనను ప్రేల్చరాదు. 1967 నాటి రోదసి ఒడంబడిక ఇంకొక అడుగు వేసి, అణ్వాయుధములను కక్ష్యలోగాని, చంద్రాది గోళములపైగాని నిలుపరాదని శాసించినది.

ఇవి మానవునికి మానవుని వలన గల భయముచే పుట్టిన శాసనములు. ఆకాశమునుండి పడు రాతి ప్రసక్తి వీనిలో ఎక్కడను లేదు. ఉండవలసినదే! 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా ప్రాంతమున అట్టి రాయి ఒకటి గాలిలోనే ప్రేలి, సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల అడవిని నేలకూల్చియుండెను. అచ్చట జనులు మిక్కిలి తక్కువ. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెలియాబిన్స్క్ నగరముపై ప్రేలినది 20 మీటర్ల రాయి మాత్రమే. ఐనను అద్దములు పగిలి దాదాపు 1,500 మంది గాయపడిరి. ఆ యేడే ఐక్యరాజ్య సమితి ఆమోదముతో ఒక హెచ్చరిక సంఘము, ఒక సలహా సంఘము రూపుదిద్దుకొన్నవి. ఆజ్ఞాపించు అధికారము రెండింటికిని లేదు.

2022 సెప్టెంబరు 26న డార్ట్ అను నౌక డైమార్ఫస్ అను శకలమును ఢీకొని, దాని పరిభ్రమణ కాలమును అరగంటకు పైగా తగ్గించినది. బాంబు లేకయే రాతి త్రోవను మార్చవచ్చునని తేలినది. కాని ఇందుకు కొన్ని ఏండ్ల వ్యవధి కావలెను. రాయి పెద్దదై వ్యవధి చాలనిచో మిగిలిన సాధనము అణుబాంబే, అది నిషిద్ధము. భద్రతా సమితి తీర్మానించినచో ఆ అడ్డు తొలగునని ఒక వాదము కలదు. అందుకు వీటో గల ఐదు రాజ్యములలో ఒక్కటియు అడ్డు చెప్పకుండవలెను.

అంతకంటె చిక్కైన ప్రశ్న మరియొకటి. 2024 డిసెంబరులో కనుగొన్న 2024 వైఆర్4 అను శకలము 2032లో భూమిపై పడు సంభావ్యత, 2025 ఫిబ్రవరిలో 3 శాతమునకు చేరినది. అది పడదగిన చోట్ల రేఖ తూర్పు పసిఫిక్ నుండి ఆఫ్రికా, అరేబియా సముద్రముల మీదుగా భారతదేశము వరకు సాగినది. తరువాతి పరిశీలనలలో ఆ భయము తీరినది. కాని అట్టి రాతిని ఒక రాజ్యము నెట్టబోగా అది చాలినంత కదలలేదనుకొనుడు. రాయి కొన్ని నిమిషములు ఆలస్యమైనచో భూమి ఆలోపల తిరిగిపోవును. పడుచోటు ఒక దేశమునుండి వేరొక దేశమునకు జరుగును. 1972 నాటి నష్టపరిహారపు ఒడంబడిక ప్రకారము, ఒక రాజ్యము ప్రయోగించిన వస్తువు నేలపై నష్టము కలిగించినచో, తప్పున్నను లేకున్నను ఆ రాజ్యమే చెల్లించవలెను. రాతిని ఎవరును ప్రయోగింపలేదు. నెట్టిన నౌకను మాత్రము ప్రయోగించిరి. ఊరు కోల్పోయినవారు ఎవరిని అడుగవలెనో ఆ ఒడంబడిక స్పష్టముగ చెప్పలేదు.