సిస్టమ్ ఎందుకు బూట్ కాలేదు? హైదరాబాద్ కంప్యూటర్ మరమ్మతు చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– హైదరాబాద్‌లో కంప్యూటర్ మరమ్మతు విజ్ఞానం ఎవరి చేతుల్లో నుంచి ఎవరి చేతుల్లోకి మారిందో వివరించగలుగుతారు.
– ఒక భాగం మార్చిన తరువాత డెస్క్‌టాప్ బూట్ కాకపోవడానికి గల కారణాలను వరుసక్రమంలో గుర్తించగలుగుతారు.
– ‘ముందు జరిగినది’, ‘కారణమైనది’ అనే రెండింటికీ ఉన్న తేడాను చరిత్ర అధ్యయనానికి అన్వయించగలుగుతారు.

1. పరిచయం

హైదరాబాద్ మెట్రో నీలి మార్గానికి పడమటి చివరి స్టేషన్ రాయదుర్గం. 2019 నవంబరులో అది ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. అనంతపురం జిల్లాలోని రాయదుర్గం వేరు, ఇది వేరు. ఈ రాయదుర్గం భూములు రెవెన్యూ రికార్డుల్లో రాయదుర్గం పాయిగా, రాయదుర్గం నవ్‌ఖల్సా, రాయదుర్గం పన్మక్తా అనే పేర్లతో కనిపిస్తాయి. పాయిగా, ఖల్సా, మక్తా అనేవి నిజాం పాలననాటి భూమి హక్కులకు సంబంధించిన మాటలు. ఆ హక్కులు రద్దయినా పేర్లు మిగిలాయి. అక్కడి భూమి కాగితాలను సరిగా చదవాలంటే ఆ పాత మాటల అర్థం తెలిసి ఉండాలి.

ఆ చుట్టుపక్కల కార్యాలయాల్లో ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను కూడా ఇలాగే చదవవచ్చు. పైకి కొత్తగా కనిపించినా దాని లోపల 1981, 1983, 1984, 1995, 2005 సంవత్సరాలనాటి ఏర్పాట్లు పొరలు పొరలుగా ఉంటాయి. యంత్రం నడుస్తున్నంత కాలం ఆ పొరలు మనకు కనబడవు. ఒక భాగం మార్చి మీట నొక్కినప్పుడు తెర నల్లగానే ఉండిపోతే, అప్పుడు వాటి సంగతి తెలుసుకోక తప్పదు.

హైదరాబాద్ కంప్యూటర్ చరిత్రను 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజుతో మొదలుపెట్టడం అలవాటైంది. ఆ కథనంలో ప్రోగ్రాములు రాసినవారికి చోటుంది, యంత్రాలను బాగుచేసినవారికి లేదు. సాంకేతిక చరిత్రలు నూతన ఆవిష్కరణల చుట్టూనే తిరుగుతాయనీ, వాడకాన్నీ నిర్వహణనూ పట్టించుకోవనీ డేవిడ్ ఎడ్జర్టన్ అనే చరిత్రకారుడు 2006లో ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథంలో వాదించాడు. ఆ విమర్శ మన నగరానికీ వర్తిస్తుంది. కాబట్టి ఈ పాఠంలో మనం మరమ్మతు వైపు నుంచి చరిత్రను పరిశీలిద్దాం.

2. తయారీదారు నుంచి ప్రభుత్వ సంస్థలకు

తొలితరం పెద్ద కంప్యూటర్లను చాలావరకు అద్దెకు ఇచ్చేవారు. యంత్రం ఆగిపోతే కంపెనీ ఇంజనీరు వచ్చి బాగుచేసేవాడు. వాడుకునేవారికి లోపలి సంగతి తెలియవలసిన అవసరం ఉండేది కాదు, తెలుసుకునే వీలూ తక్కువే. అమెరికాలో 1956లో కుదిరిన ఒక న్యాయస్థాన ఒప్పందం ప్రకారం ఐబీఎం తన యంత్రాలను అమ్మకానికి కూడా పెట్టవలసి వచ్చింది. బయటి మరమ్మతుదారులకు విడిభాగాలు అందించవలసి కూడా వచ్చింది. భారతదేశంలో మాత్రం అద్దె పద్ధతే ఎక్కువగా కొనసాగింది.

1973 విదేశీ మారక నియంత్రణ చట్టం విదేశీ కంపెనీల వాటాను సాధారణంగా 40 శాతానికి పరిమితం చేసింది. ఐబీఎం అందుకు అంగీకరించక 1978లో దేశం నుంచి వైదొలగింది. కార్యాలయాల్లో ఉన్న యంత్రాల బాధ్యత ఎవరిదనే ప్రశ్న అప్పుడు ఎదురైంది. ఆ బాధ్యతను ‘కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్’ చేపట్టింది. 1975 డిసెంబరులో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ పేరులోనే నిర్వహణ అనే మాట ఉండటం గమనించదగినది. వేర్వేరు తయారీదారుల యంత్రాలను బాగుచేయడం దాని పని కాబట్టి, అందులోని ఇంజనీర్ల నైపుణ్యం ఏ ఒక్క కంపెనీకో పరిమితం కాలేదు. తరువాత సీఎంసీగా పేరు మారిన ఈ సంస్థకు హైదరాబాద్ ముఖ్య కేంద్రమైంది. రాయదుర్గానికి పక్కనే ఉన్న గచ్చిబౌలిలో, పాత ముంబయి రహదారి మీద దాని ప్రాంగణం వెలిసింది. 2001లో టాటాల చేతికి వెళ్లిన సీఎంసీ 2015లో టీసీఎస్‌లో విలీనమైంది.

నగరానికి మరో మూలం ఈసీఐఎల్. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద ఏర్పడిన ఈ సంస్థకు డాక్టర్ ఎ.ఎస్.రావు నాయకత్వం వహించారు. ఆయన పేరుతో ఉన్న కాలనీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ట్రాంబేలో 1969లో రూపొందిన టీడీసీ-12 తరువాత, టీడీసీ-312, టీడీసీ-316 కంప్యూటర్లు ఈసీఐఎల్ నుంచి వచ్చాయి. దేశంలోనే రూపొందిన యంత్రాలు కాబట్టి వాటి సర్క్యూట్ పటాలు కూడా ఇక్కడే ఉండేవి.

ఆ తరం చిన్న కంప్యూటర్లు చాలావాటిలో కరెంటు ఇవ్వగానే పని మొదలయ్యేది కాదు. ఆపరేటర్ ముందు పలకపై ఉన్న స్విచ్చులతో కొన్ని ఆదేశాలను చేత్తో ఎక్కించేవాడు. ఆ కొద్ది ఆదేశాలు కాగితపు టేపు నుంచి పెద్ద ప్రోగ్రామును లోపలికి తెచ్చుకునేవి. బూటు వెనక ఉండే పట్టీని పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడం అనే ఇంగ్లీషు నుడికారం నుంచి ఈ ప్రక్రియకు ‘బూట్’ అనే పేరు వచ్చింది. పద్ధతి నేటికీ అదే: చిన్నది పెద్దదాన్ని లేపుతుంది, అది మరింత పెద్దదాన్ని లేపుతుంది.

3. సంస్థల నుంచి బజారుకు

1981 ఆగస్టు 12న ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. దాని సాంకేతిక గ్రంథంలో సర్క్యూట్ పటాలు, యంత్రాన్ని లేపే ‘బయోస్’ ప్రోగ్రాము పాఠం ఉండేవి. బయోస్‌పై కాపీహక్కు ఉన్నందువల్ల ఇతరులు దాన్ని నకలు చేయలేకపోయారు. అయితే అదే పని చేసే ప్రోగ్రామును కాంపాక్ సొంతంగా రాయించి, 1982లో తన కంప్యూటర్‌ను ప్రకటించింది. 1984లో ఫీనిక్స్ అనే సంస్థ అలాంటి బయోస్‌ను ఇతర తయారీదారులకూ అమ్మసాగింది. దానితో ఒకరి బోర్డు, మరొకరి డిస్కు, ఇంకొకరి తెర కలిపి కంప్యూటర్‌ను కూర్చే మార్గం ఏర్పడింది.

మన దేశంలో 1984 నవంబరునాటి కంప్యూటర్ విధానం దిగుమతులను సులభతరం చేసింది. క్రమంగా ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అనే మాట వాడుకలోకి వచ్చింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ విడిభాగాలకు, మరమ్మతులకు పేరు పొందింది. అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో ప్రోగ్రామింగ్‌తో పాటు హార్డ్‌వేర్ కోర్సులు కూడా వచ్చాయి. ఇంజనీరింగ్ పట్టా లేనివారు సైతం ఈ పని నేర్చుకుని బతకగలిగారు. యంత్రం వివరాలు బహిరంగం కావడం వల్లనే ఇది సాధ్యమైంది.

4. బూట్ కాని యంత్రాన్ని చదవడం

ఒక చిన్న కార్యాలయంలో మదర్‌బోర్డు పాడై కొత్తది వేశారనీ, తరువాత సిస్టమ్ బూట్ కావడం లేదనీ అనుకుందాం. ముందుగా ప్లగ్గు తీసి, ఆ తరువాతే క్యాబినెట్‌లో చేయి పెట్టాలి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పరాదు. ప్లగ్గు తీశాక కూడా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

మొదటి పొర, విద్యుత్తు: ఫ్యాన్ కూడా తిరగకపోతే ముందు మీట వైరు బోర్డుపై సరైన చోట ఉందో లేదో చూడాలి. ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాకపోతే ప్రాసెసర్‌కు వెళ్లే విడి కనెక్టర్‌ను చూడాలి. 1995నాటి ఏటీఎక్స్ ప్రమాణంలో బోర్డుకు ప్రధానంగా 20 పిన్నుల కనెక్టర్ ఉండేది. ప్రాసెసర్లకు ఎక్కువ విద్యుత్తు అవసరం కావడంతో 2000 ప్రాంతంలో నాలుగు పిన్నుల విడి కనెక్టర్ వచ్చింది. ఇప్పుడది చాలా బోర్డుల్లో ఎనిమిది పిన్నులకు పెరిగింది. పెద్ద కనెక్టర్ పెట్టి దీన్ని మరచిపోవడం చాలా తరచుగా జరుగుతుంది.

రెండవ పొర, స్వీయ పరీక్ష: మీట నొక్కగానే బయోస్ తన చుట్టూ ఉన్న భాగాలను పరీక్షిస్తుంది. అంతా బాగుంటే 1981నాటి ఐబీఎం పీసీ ఒక చిన్న బీప్ ఇచ్చేది. నేటి బోర్డుల్లో కొన్ని బీప్‌లతోనూ, కొన్ని చిన్న దీపాలతోనూ లోపం ఎక్కడుందో సూచిస్తాయి. వాటి అర్థం తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి బోర్డుతో వచ్చిన పుస్తకం చూడాలి. ర్యామ్‌ను తీసి, కాళ్లను మెత్తని రబ్బరుతో తుడిచి, ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. డీడీఆర్3, డీడీఆర్4 రకాలు ఒకదాని చోట మరొకటి పట్టవు. ప్రాసెసర్ సాకెట్‌లో సరిగ్గా కూర్చున్నా, పాత బయోస్‌కు దాని గురించి తెలియకపోతే యంత్రం లేవదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు మానిటర్ కేబుల్‌ను ఆ కార్డుకే పెట్టారా అన్నదీ చూడాలి.

మూడవ పొర, అమరికలు: 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ తన అమరికలను బ్యాటరీ ఆధారంగా గుర్తుంచుకునేది. నేటి బోర్డుపై కనిపించే నాణెం ఆకారపు సెల్ ఆ ఏర్పాటుకు కొనసాగింపు. కొత్త బోర్డుకు మీ పాత అమరికలు తెలియవు. ఏ డిస్కు నుంచి లేవాలి, డిస్కుతో ఏ విధానంలో మాట్లాడాలి అన్నవి మారిపోతే, విండోస్ సగంలో నీలి తెర చూపి ఆగిపోవచ్చు.

నాల్గవ పొర, డిస్కు: 1983లో డాస్ 2.0తో వచ్చిన పద్ధతిలో బయోస్ డిస్కులోని మొదటి 512 బైట్లను చదివి అక్కడి నుంచి ముందుకు వెళ్లేది. 2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ వేదిక స్థిరపరచిన కొత్త పద్ధతిలో, డిస్కులో ఒక ప్రత్యేక విభాగంలో ఉన్న ఫైలును వెతుకుతారు. పాత పద్ధతిలో సిద్ధం చేసిన డిస్కును, కొత్త పద్ధతి మాత్రమే తెలిసిన బోర్డుకు తగిలిస్తే ‘బూట్ చేయదగిన డిస్కు లేదు’ అనే సందేశం వస్తుంది. ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. ఆ సందేశానికి డిస్కు పాడైందని గానీ, సమాచారం పోయిందని గానీ అర్థం కాదు. తొందరపడి డిస్కును ఫార్మాట్ చేస్తే కార్యాలయం లెక్కలన్నీ నిజంగానే పోతాయి. ముందుగా డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలించి, సమాచారాన్ని వేరేచోట భద్రపరచాలి.

5. కారణం, కాలక్రమం

కొత్త భాగం వేసిన తరువాతే యంత్రం ఆగింది కాబట్టి ఆ భాగమే చెడ్డదని తేల్చడం సహజం. కానీ ఇతర అవకాశాలూ ఉన్నాయి. బిగించేటప్పుడు పక్కనున్న వైరు కదిలి ఉండవచ్చు. కొత్త భాగం మంచిదే అయినా పాత భాగాలతో కుదరకపోవచ్చు. అంతకుముందే బలహీనంగా ఉన్న ఎస్‌ఎంపీఎస్ కొత్త భారాన్ని మోయలేకపోయి ఉండవచ్చు.

చరిత్ర విద్యార్థులకు ఈ సమస్య కొత్తది కాదు. 1857 తిరుగుబాటుకు కొవ్వు పూసిన తూటాలు తక్షణ కారణం. రాజ్యాల విలీనం, భూమి శిస్తు, సిపాయిల అసంతృప్తి లేకుండా ఆ ఒక్క తూటాతోనే తిరుగుబాటును వివరించలేం. వరుసలో ముందు వచ్చిన ప్రతిదీ కారణం కాదు, కంటికి కనబడిన కారణం ఒక్కటే సరిపోదు.

అయితే ఒక తేడా ఉంది. చరిత్రకారుడు తూటాలు లేని 1857ను మళ్లీ నడిపి చూడలేడు. మరమ్మతు చేసేవాడు పాత ర్యామ్‌ను తిరిగి పెట్టి చూడగలడు. అందుకే అతని పద్ధతిలో మూడు నియమాలు ఉంటాయి: ఒకసారికి ఒకే మార్పు చేయాలి, వీలైతే మునుపటి స్థితికి తిరిగి వెళ్లి పరీక్షించాలి, చేసిన ప్రతి మార్పునూ కాగితం మీద రాసుకోవాలి. ఒకేసారి మూడు భాగాలు మార్చితే యంత్రం లేచినా ఏ మార్పు వల్ల లేచిందో తెలియదు.

6. మళ్లీ మూసుకుంటున్న పెట్టె

2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ విస్తృతంగా వచ్చింది. 2021నాటి విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరైంది. డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉంటే, మదర్‌బోర్డు మార్చినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కంప్యూటర్ దొంగిలించినవాడికి మన సమాచారం దక్కకుండా చేసే ఏర్పాటు ఇది, కాబట్టి దీన్ని అనవసరమనలేం. కానీ కీ భద్రపరచుకోని యజమాని కూడా దొంగతో పాటు బయటే నిలబడతాడు. భాగం మార్చకముందే ఆ కీ ఎక్కడుందో తెలుసుకోవడం నేటి మరమ్మతులో మొదటి మెట్టు. చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి అమ్ముతున్నారు. అలాంటప్పుడు చెడిన భాగాన్ని మార్చే అవకాశం చిన్న దుకాణానికి దాదాపు ఉండదు.

ఇది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు, మరమ్మతు హక్కుకు సంబంధించిన ప్రశ్న. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఈ విషయంపై ఒక కమిటీని నియమించింది. అదే ఏడాది డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. 1978లో ‘యంత్రాన్ని ఎవరు బాగుచేయాలి’ అన్న ప్రశ్నకు ప్రభుత్వ సంస్థ జవాబు ఇచ్చింది. 1980ల తరువాత బహిరంగ ప్రమాణాలు, బజారు జవాబు ఇచ్చాయి. నేడు అదే ప్రశ్న మరో రూపంలో మన ముందుకు వచ్చింది. పాత కంప్యూటర్ మీదే చదువు సాగించే విద్యార్థికి, దాన్ని బాగుచేసి బతికే దుకాణదారుకు ఈ జవాబుతో నేరుగా పని ఉంది.

7. సారాంశం

హైదరాబాద్ కంప్యూటర్ చరిత్ర సైబర్ టవర్స్ కంటే పాతది. ఈసీఐఎల్, సీఎంసీ, చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఆ చరిత్రలో మూడు దశలను సూచిస్తాయి. మరమ్మతు విజ్ఞానం తయారీదారు నుంచి ప్రభుత్వ సంస్థలకు, అక్కడి నుంచి బజారుకు చేరింది. యంత్రం వివరాలు అందుబాటులో ఉన్నప్పుడే ఆ విజ్ఞానం వ్యాపించింది. భాగం మార్చిన తరువాత బూట్ కాని డెస్క్‌టాప్‌ను విద్యుత్తు, స్వీయ పరీక్ష, అమరికలు, డిస్కు, భద్రతా కీ అనే క్రమంలో పరిశీలించాలి. కాలక్రమాన్ని కారణంగా పొరబడకుండా చూసుకోవడం చరిత్రకారుడికీ, మరమ్మతు చేసేవారికీ సమానంగా అవసరం.

నమూనా పరీక్షా ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఐబీఎం నిష్క్రమణ తరువాత సీఎంసీ నిర్వహించిన పాత్రను తెలపండి.
2. ‘బూట్ చేయదగిన డిస్కు లేదు’ అనే సందేశం వచ్చినప్పుడు డిస్కును ఎందుకు వెంటనే ఫార్మాట్ చేయరాదు?

ఆ. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హైదరాబాద్‌లో కంప్యూటర్ మరమ్మతు విజ్ఞానం చేతులు మారిన దశలను వివరించండి.
2. తక్షణ కారణానికీ, మూల కారణానికీ గల తేడాను 1857 తిరుగుబాటు, బూట్ కాని కంప్యూటర్ ఉదాహరణలతో చర్చించండి.