గీతల బోనులో పోప్, దుమ్ముతో సహా వచ్చిన గది

నైట్ షిఫ్ట్ బస్సులో, క్యాంపు రూముల్లో మా ఎపిసోడ్లు వినేవాళ్లకి ఆడియోలో బొమ్మ చూపించలేను కదా. అందుకే ఈసారి సంగతి ఇక్కడ రాసి పెడుతున్నా.

1650లో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ రోమ్‌లో పోప్ పదో ఇన్నోసెంట్ బొమ్మ వేశాడు. ఎర్రటి పట్టు అంగీ, బంగారు అంచుల కుర్చీ, ఎదుటివాణ్ణి అనుమానంగా చూసే కళ్లు. ఆ బొమ్మ ఇప్పటికీ రోమ్‌లోనే, డోరియా పంఫీలీ గ్యాలరీలో ఉంది.

300 ఏళ్ల తర్వాత దాన్ని వదలకుండా పట్టుకున్నవాడు ఫ్రాన్సిస్ బేకన్. 1909లో మా డబ్లిన్‌లో, లోయర్ బ్యాగట్ స్ట్రీట్‌లో పుట్టాడు. పదహారేళ్లకే తండ్రి ఇంట్లోంచి వెళ్లగొడితే లండన్ చేరాడు. 1953లో అదే పోప్‌ని తన పద్ధతిలో వేశాడు. ఎరుపు పోయి ఊదా వచ్చింది. మూసి ఉన్న నోరు కేక పెడుతోంది. సింహాసనం పోయి పసుపు గీతలు మిగిలాయి. పైనుంచి కిందకి నిలువు గీతలు జడివానలా మనిషి మీదుగా దిగాయి.

మన బాపు గారి గీత రెండు వంపుల్లో జడనీ నవ్వునీ తెచ్చేస్తుంది. బేకన్ గీత మనిషిని బంధిస్తుంది. వెలాస్కెజ్ బొమ్మలో ఆ కుర్చీ అధికారం. దాన్ని వట్టి గీతలుగా విప్పేసరికి బోనులా కనిపిస్తుంది. కూర్చున్నవాడూ బందీయే అని నాకు అప్పుడు అర్థమవుతుంది.

విచిత్రం ఏంటంటే, 1954లో రోమ్‌లో ఉండి కూడా బేకన్ అసలు బొమ్మ చూడ్డానికి వెళ్లలేదు. పుస్తకాల్లో అచ్చయిన ఫోటోలతోనే పనిచేశాడు. ఇంటిని ఏళ్ల తరబడి ఫోన్‌లోనే చూసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఫోటో చూసీ చూసీ మనసులో ఇంకో ఇల్లు తయారవుతుంది.

తను ముందుగా స్కెచ్‌లు వెయ్యనని బేకన్ చెప్పేవాడు. 1992లో ఆయన పోయాక, లండన్ రీస్ మ్యూస్‌లోని స్టూడియోలో 7,000కి పైగా వస్తువుల మధ్య సుమారు 70 డ్రాయింగులు బయటపడ్డాయి! వారసుడు జాన్ ఎడ్వర్డ్స్ 1998లో ఆ స్టూడియోని డబ్లిన్ హ్యూ లేన్ గ్యాలరీకి ఇచ్చేశాడు. పురావస్తువాళ్లు తవ్వకాల్లో చేసినట్టే, ఏ వస్తువు ఎక్కడుందో పటాలు గీసుకున్నారు. గోడలు, తలుపులు, నేల, చివరికి దుమ్ము కూడా తెచ్చి, మళ్లీ అలాగే అమర్చి, 2001లో జనానికి తెరిచారు. గెంటేసిన ఇంటికి కాకపోయినా, పుట్టిన ఊరికి ఆయన గది చేరింది.

మనం రూమ్ ఖాళీ చేసేటప్పుడు సూట్‌కేసులో పట్టనివన్నీ పారేస్తాం. మన గదుల్ని ఏ మ్యూజియమూ మోసుకెళ్లదు. అందుకే ఈసారి తాళం ఇచ్చే ముందు ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి పెట్టుకోండి. మంచం ఇక్కడ, పొయ్యి అక్కడ, నలుగురం పడుకున్నది ఇలా అని. రేపు మీ పిల్లలు అడిగితే చూపించడానికి ఉంటుంది.