కనపడని ఒక్క అక్షరం: స్క్రిప్ట్ మొదటి లైన్ కథ

ప్రొద్దుటూరులో మా మామ బట్టల కొట్టు లెక్కలకి, బీటెక్ మూడో సంవత్సరంలో ఒక బ్యాకప్ స్క్రిప్ట్ రాసినా. రాసింది విండోస్ ల్యాప్‌టాప్‌లో, పెట్టింది కొట్టులోని లినక్స్ మెషీన్‌లో. రోజూ రాత్రి దానంతటదే రన్ కావాలి. ఒకరోజు డిస్క్ పోయింది. చూస్తే ఒక్క బ్యాకప్ కూడా లేదు! అదే స్క్రిప్ట్ ఇంకో లినక్స్‌లో పెట్టి రన్ చేస్తే 'ఫైల్ దొరకలేదు' అంటాది. ఫైలేమో కళ్ల ముందే ఉంది.

దీని మూలం టైపు మిషన్‌లో ఉంది. మన ఊర్లలో లోయర్, హయ్యర్ పాసైన పెద్దోళ్లని అడగండి. లైను అయిపోతే లివర్ తోస్తారు. బండి మొదటికొస్తాది, కాగితం ఒక లైను జరుగుతాది. టెలిటైప్‌లో ఈ రెండు పనులకీ వేర్వేరు కోడ్‌లు: 13, 10. యూనిక్స్ వాళ్లు 10 ఒక్కటే చాలనుకున్నారు. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ రెండూ ఉంచుకుంది, విండోస్‌కి అదే వారసత్వం. పాత మ్యాక్ అయితే 13 ఒక్కటే వాడేది. ముగ్గురికీ మూడు దార్లు!

ఇంక మొదటి లైన్. హ్యాష్, దాని పక్కన ఆశ్చర్యార్థకం, తర్వాత ప్రోగ్రామ్ అడ్రస్. ఈ ఏర్పాటు గురించి బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1980 జనవరిలో రాశాడు. కెర్నెల్ ఆ అడ్రస్ చదివి, ఆ ప్రోగ్రామ్‌కి స్క్రిప్ట్ అప్పజెప్తాది. నా లైన్ చివర ఆ 13 దాక్కోనుంది. కెర్నెల్ 'బ్యాష్' కోసం కాదు, 'బ్యాష్ ప్లస్ 13' అనే పేరు కోసం వెతికింది. అట్లాంటిది ఎక్కడుంటాది? దొరకలేదన్నది స్క్రిప్ట్ కాదు, దాన్ని నడపాల్సిన ప్రోగ్రామ్.

13 తీసేసినా ఇంకో తంటా. బ్యాష్ లినక్స్‌లో ఒకచోట ఉంటే, ఫ్రీబీఎస్‌డీలో ఇంకోచోట ఉంటాది. అందుకే 'ఎన్వ్' వాడతారు. పులివెందుల బస్సు ఫలానా ప్లాట్‌ఫాంలోనే ఉంటాదని రాసిపెట్టుకోకుండా, జమ్మలమడుగు బస్టాండులో అడిగి ఎక్కినట్టు. ఉబుంటు 2006లో 'ఎస్‌హెచ్' పేరు వెనక బ్యాష్ తీసి డ్యాష్ పెట్టింది. ఎస్‌హెచ్ అని పైన రాసి, లోపల బ్యాష్‌కే తెలిసిన మాటలు వాడినోళ్ల స్క్రిప్ట్‌లు ఆగిపోయినాయి. తప్పు ఉబుంటుది అని అప్పట్లో చానామంది తిట్టినారు గానీ, నా లెక్కలో తప్పు రాసినోళ్లదే.

విండోస్ నోట్‌ప్యాడ్‌కి 10 ఒక్కటే ఉన్న ఫైల్ సరిగ్గా చూపించడం 2018లో గానీ రాలేదు.

మామ నన్ను తిట్టలేదు. రెండు వారాలు పక్కన కూర్చుని చీటీలు చదివినాడు, నేను ఎక్కించినా.